పేజీ అడుగున పేరు

ప్రొద్దుటూరు బట్టల బజారులో బాలకృష్ణయ్య శెట్టి అంగడికి పోలీసు మనిషి రావడం కొత్తేమీ కాదు. స్టేషన్లో ఎవరింట్లో పెళ్లి తలపెట్టినా చీరల మూట ముందుగా ఇక్కడి నుంచే కదులుతుంది. ఆ సోమవారం పొద్దున కానిస్టేబుల్ రహమాన్ మెట్లెక్కినప్పుడు కూడా శెట్టి అదే అనుకుని, గుమాస్తాకు ధర్మవరం చీరల బీరువా వైపు సైగ చేశాడు. రహమాన్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, "నీతో గాదు పెద్దశెట్టీ, చిన్నశెట్టితో పని" అన్నాడు.

శెట్టి కొడుకు వీరనారాయణ గజం బద్దతో పంచెల చాపు కొలుస్తున్నాడు. ఎదురుగా చాపాడు రైతులిద్దరు బద్ద మీద నుంచి కన్ను తిప్పకుండా కూర్చున్నారు.

"ఏంది రహమాన్?"

"ఎస్సై సారు రమ్మంటాండాడు. నువ్వు తిరపతిలో ఏందో సదివినావంట గదా, ఆ కాయితాలు ఈడికి వచ్చినాయి."

వీరనారాయణ ముఖం వెలిగిపోయింది. కొలత సగంలో వదిలేసి చొక్కా గుండీలు సర్దుకున్నాడు. పోయిన నెల తిరుపతిలో, యూనివర్సిటీ పెద్దల సభలో అతను వ్యాసం చదివి వచ్చాడు. ఈ ఊళ్లో దాని గురించి అడిగిన మొదటి మనిషి ఎస్సై కావడం విచిత్రంగా తోచినా, ఎవరో ఒకరు అడిగారన్న సంతోషమే ముందు నిలిచింది. 'కొత్తగా ఏర్పడిన దేశాల మధ్య సహకారం: ఒప్పందాలు, ఆచరణ' అని నాలుగేళ్లుగా అతని పరిశోధన. పొద్దున అంగట్లో గజం బద్ద, మధ్యాహ్నం మిద్దె మీద గెజెట్లు. కాలువల నీళ్ల దగ్గర నుంచి పాస్‌పోర్టుల దాకా ఇండియా, పాకిస్తాన్ చేసుకున్న ఒడంబడికలన్నీ క్లాజులతో సహా అప్పజెప్పగలడు. ఈ ఊళ్లో వినే నాథుడు లేడు, అంతే.

"రెండు దేశాలు పొత్తుగా ఉండాయో లేదో కనుక్కునేదానికి నాలుగేండ్లా?" అని తండ్రి వచ్చిన బేరగాళ్లందరి ముందూ అంటుంటాడు. "మేం అన్నదమ్ములం పొత్తుగా లేమని ఊరికంతా ఒక్క పూటలో తెలిసిపాయ."

స్టేషన్ ముందు బోర్డు మీద ఇంకా 'ఆంధ్ర రాష్ట్రం' అనే ఉంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లవుతున్నా రంగు వేసేవాడు రాలేదు. ఎస్సై గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ వేయించి టీ తెప్పించాడు. బల్ల మీద వ్యాసం టైపు కాపీ ఉంది. దాన్ని అక్కడ చూడగానే, ఊరుగాని ఊళ్లో చుట్టం కనబడినట్టు వీరనారాయణకు గుండె ఉప్పొంగింది.

"చాలా కష్టపడి రాశారండీ. సగం నాకు అర్థం కాలేదు, అబద్ధమెందుకు" అన్నాడు ఎస్సై. "ఆ రోజు సభకు అధ్యక్షత వహించిన పెద్దాయన ఉన్నారు చూడండి, రిటైరైనా పైన ఆయన మాటకు విలువుందట. ఇటువంటి అభాగ్యులకు న్యాయం జరగాలి, ప్రభుత్వం కలగజేసుకోవాలి అని ఉత్తరం రాసి, మీ వ్యాసం జతచేశారు. అది ఎక్కడెక్కడో తిరిగి నా బల్ల మీదికొచ్చింది."

"అంటే ప్రభుత్వం కలగజేసుకుంటోందా?"

"కలగజేసుకుంటోందండీ. వీసా గడువు దాటిపోయినవాణ్ని పట్టుకుని సరిహద్దు దాటించమన్నారు." ఎస్సై ఒక పేజీ తిప్పి, అడుగున ఎర్ర పెన్సిలుతో గీత గీసిన చోట వేలు పెట్టాడు. "ఈ చాంద్ బాషా ఎవరండీ?"

వీరనారాయణ టీ గ్లాసు బల్ల మీద పెట్టి పేజీ మీదికి వంగాడు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది అతను చేత్తో రాసినదాని టైపు రూపమే. 'చాంద్ బాషా, పత్తి మిల్లు ఫిట్టరు, మసీదు వెనక వీధి, ప్రొద్దుటూరు. రచయితతో సంభాషణ.' మొదట అతను 'ఒక కార్మికుడు' అనే రాశాడు. యూనివర్సిటీలో అతని గైడు దాని పక్కన 'ఎవరు? ఎక్కడ? ఆధారం చూపని వాక్యం పరిశోధన కాదు, పుకారు' అని రాసి వెనక్కి పంపాడు. ఆయన అన్నది సబబే అనిపించింది. పేరు చేర్చాడు, వీధి చేర్చాడు, చేర్చి గర్వపడ్డాడు కూడా.

"మా రహమాన్‌ను ఆ వీధికి పంపాను" అన్నాడు ఎస్సై. "పాలు పోసే ఆవిడ దగ్గర నుంచి మసీదులో ముల్లా దాకా, అటువంటి మనిషే లేడన్నారు. ఏమయ్యా?"

"ల్యాడు సార్" అన్నాడు రహమాన్, గోడ వైపు చూస్తూ.

"ఉన్నాడని చెబుతోంది మీ పేజీ ఒక్కటే. మీరొచ్చి ఇల్లు చూపిస్తే సరిపోతుంది. లక్ష్మివారం, అదే మీ బేస్తవారం, జమ్మలమడుగు నుంచి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారు వస్తున్నారు. ఆయన అడిగేలోపల నేను ఏదో ఒకటి చెప్పాలి కదండీ."

వీరనారాయణ కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ మనిషి పరదేశీయుడు కాడన్నాడు. ఈ ఊళ్లో పుట్టి, దేశం రెండు కాకముందే పత్తి మిల్లు పనికి సింధుకు పోయాడనీ, యాభై రెండులో పాస్‌పోర్టుల స్కీము పెట్టినప్పుడు ఉభయ ప్రభుత్వాల ఉద్దేశం ఇటువంటివాళ్లను వేరు చేయడం కాదనీ, ఆ సంప్రదింపుల్లో ఎవరెవరు ఏమేమన్నారో, అన్నీ వరసగా చెప్పుకొచ్చాడు. ఎస్సై పురాణం వింటున్నట్టు చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"అదంతా వ్యాసంలో ఉందండీ. ఇల్లెక్కడ?"

"నోట్సు చూసుకోవాలి" అన్నాడు వీరనారాయణ. 

*

మసీదు వెనక వీధిలో చాంద్ బాషా భార్య ఖమర్‌బీ గడపలో కూర్చుని, మగ్గాలవాళ్లకు రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. కుడి చెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమ చేతి వేళ్ల మధ్య నుంచి పోగు జారుతోంది. వీరనారాయణను చూసి చక్రం ఆపకుండానే నవ్వింది.

"రా అన్నా. మన పని యాడిదాకా వచ్చె?"

కనిపించినప్పుడల్లా అడిగే మాటే అది. పెద్దవాళ్లు చదువుతారమ్మా, చదివితే రూలు మారుతుంది, మీ ఆయన పేరు ఓటర్ల లిస్టులోకి ఎక్కుతుంది అని అతనే ఆశపెట్టాడు. మొగుడు సింధులో ఉన్న ఏడేళ్లూ ఆమె ఈ రాట్నం మీదే బతికింది. వచ్చి నాలుగేళ్లయినా, వీధిలో కొత్త మనిషి కనిపిస్తే చాంద్ బాషా ఇంకా పెరటి వైపు లేచిపోతాడు. ఆ లేచిపోవడం మానితే చాలు, తనకింకేమీ వద్దంటుంది ఆమె.

వీరనారాయణ గడప బయటే నిలబడి జరిగింది చెప్పాడు. చుట్టూ తిప్పి చెప్పబోయాడు గాని, మాటలు దొరక్క సూటిగానే చెప్పేశాడు. చక్రం ఆగింది.

"పోలీసాయప్ప వచ్చిపోయింది తెలుసు. వీధిలో ఒక్కరూ నోరిప్పలేదు" అంది ఖమర్‌బీ. "ఆ పాలు పోసే సరోజమ్మకూ నాకూ మాటల్లేక రెండేండ్లు. వాళ్ల దూడ మా నూలు నమిలిందని జుట్లు పట్టుకున్యాం. ఆయమ్మ గూడా ల్యాడనే చెప్పె. నువ్వెందుకు రాస్తివి?"

"పేరు రాయకుంటే ఎవరూ నమ్మరమ్మా."

"నమ్మి ఇప్పుడేం జేసిరి?"

 ఆమె తెగిన పోగును వెతికి, నోటి తడితో ముడేసి, మళ్లీ తిప్పబోయి ఆగిపోయింది. "ఆయప్ప పులివెందులకు పోయినాడు, మిల్లు పనికి. బేస్తవారం వస్తాడు. నువ్వే పోయి చెప్పు. నా నోటితో నేను చెప్పలేను" అని లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఏడిస్తే బాగుండుననుకున్నాడు వీరనారాయణ. తిట్టినా బాగుండేది.

*

మంగళవారం గెజెట్లన్నీ సంచిలో కుక్కుకుని జమ్మలమడుగు బస్సెక్కాడు. అక్కడ ప్లీడరు వెంకటరమణయ్య అతనికి దూరపు మేనమామ. తాలూకా కోర్టులో పేరున్న మనిషి. వీరనారాయణ రాత్రంతా కూర్చుని వాదన తయారు చేసుకున్నాడు. ఉభయ దేశాల ప్రతినిధుల సమావేశాలు, సంయుక్త ప్రకటనలు, పార్లమెంటులో మంత్రులిచ్చిన జవాబులు, ఏ పేజీలో ఏముందో కాగితం ముక్కలు గుర్తు పెట్టుకున్నాడు. ప్లీడరు నల్లకోటు తొడుక్కుంటూ విన్నాడు. నోట్లో తాంబూలం ఉండటం వల్ల మధ్యలో అడ్డం రాలేదు.

బయట ఉమ్మేసి వచ్చాక ఒక్కటే అడిగాడు. "ఆ మనిషి పాకిస్తాన్ పాస్‌పోర్టు తీసుకున్యాడా లేదా?"

"తీసుకున్నాడు మామా. కానీ అది లేకుంటే రానియ్యరని..."

"తీసుకున్యాడు గదా? ఐపాయ. మూడేండ్ల కింద వచ్చిన చట్టంలో ఉంది. వేరే దేశం పాస్‌పోర్టు పట్టుకుంటే ఈ దేశపోడు కాడు. వాడు ఏమనుకొని పట్టుకున్యాడని ఎవరూ అడగరు."

"ఒప్పందం ఉద్దేశం అది కాదు మామా! రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకున్నదంతా ఇదిగో ఇక్కడుంది. రాకపోకలు సులువు చేయడానికే..."

"ఉద్దేశాలు డిల్లీలోనే ఉంటాయప్పా. ఈడికి వచ్చేది ఉత్తరువు ఒక్కటే." ప్లీడరు గెజెట్ల సంచిని కాలితో పక్కకు జరిపి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. "ఆ వీధోళ్లు శానా మంచి పని చేసినారు. మనిషే లేకుంటే కేసేంది? నువ్వు గూడా ల్యాడను, ఐపాయ."

"నేను రాసినాను కదా!"

"రాసింది కల్పించి రాసినా అను. పండితులు రాసేదాంట్లో నిజమెంతో యా పోలీసోడికి తెలుసు?"

వీరనారాయణకు చెంప మీద కొట్టినట్టయింది. అధ్యాయంలో ఒక తేదీ సరిచూసుకోవడానికి మద్రాసు దాకా వెళ్లి, లైబ్రరీ మెట్ల మీద పడుకుని వచ్చిన మనిషి అతను. "ఆ మాటంటే నా పరిశోధన ఏమవుతుంది మామా? దొంగ ఆధారం చూపించినవాణ్ని యూనివర్సిటీ గడప తొక్కనిస్తారా?"

"అది నువ్వు చూసుకో. నాకు కోర్టు గంటాయ" అని ప్లీడరు వీధిలోకి నడిచాడు.

తిరుగు బస్సులో కాళ్ల దగ్గర గెజెట్ల సంచి బరువుగా ఒరిగి, గతుకు వచ్చినప్పుడల్లా మోకాలికి కొట్టుకుంది. నాలుగేళ్లు దాచిన విద్య అవసరం పడ్డ రోజున అక్కరకు రాలేదు. ఎవరి మీద కోపగించుకోవాలో అతనికి తెలియలేదు. గైడు మీద పడ్డాడు కాసేపు, సభలో కూర్చుని మెచ్చుకున్న ఆ పెద్దాయన మీద పడ్డాడు. ఇద్దరూ చెడ్డవాళ్లు కారు. ఇద్దరూ తన మేలూ, చాంద్ బాషా మేలూ కోరినవాళ్లే, అదే అతనికి మింగుడుపడలేదు.

*

బుధవారం పులివెందుల పోయాడు. మిల్లులో ఇంకా సీజను మొదలు కాలేదు. షెడ్డులో పత్తి నుంచి గింజ తీసే జిన్ను మిషన్లు వరసగా మూతలు తీసి ఉన్నాయి. వాటి నడుమ చాంద్ బాషా చాప మీద కూర్చుని, తోలు బిళ్లలు ఒత్తుగా దిగేసిన రోలరును ఒళ్లో ఆనించుకుని గాడి తీస్తున్నాడు. రంపపు బ్లేడుతో ఒక వాలుగీత, బొటనవేలితో తడిమి చూసుకోవడం, మళ్లీ ఇంకో గీత. పత్తి ఆ గాళ్లకు అంటుకుని ముందుకు పోవాలి, గింజ వెనకే రాలిపోవాలి. గాడి లోతైతే దూది తెగుతుంది, తేలికైతే జారుతుంది.

"ఏంది చిన్నశెట్టీ, ఇంత దూరం! బట్టల బేరమా?" అని నవ్వి, మోచేత్తో చాప దులిపాడు.

వీరనారాయణ కూర్చోలేదు. నిన్నంతా, ఇవాళ బస్సులోనూ కూర్చుకున్న మాటలు కూలబడిపోతాయేమోనని నిలబడే చెప్పాడు. చాంద్ బాషా వింటూ వింటూ బ్లేడు పక్కన పెట్టాడు. అంతా అయ్యాక అడిగిన మొదటి మాట వేరే.

"అంత పెద్దోళ్ల సభలో నా పేరు సదివినావా?"

"చదవలేదు. పేజీ అడుగున రాసినా."

"అచ్చులో ఉందా?"

"టైపులో ఉంది."

చాంద్ బాషా తలాడించాడు. అతని ముఖంలో భయం కనిపిస్తుందేమోనని చూస్తున్న వీరనారాయణకు సంతోషం లాంటిది కనిపించి ఒళ్లు మండిపోయింది.

"నీకు అర్థమవుతాందా బాషా? పట్టుకుపోతారు. సరిహద్దు అవతల దించేసి వస్తారు. మళ్లీ రాలేవు."

"ఎందుకు పట్టుకుపోతారు? నేనేమన్నా దొంగతనం జేసినానా? కరాచీలో ఆఫీసాయప్ప, ఇండియాకు పోవల్లంటే ఈ బుక్కు కావల్ల అన్యాడు. సంతకం పెట్టు అంటే పెట్టినా. ఆ పొద్దు మా యమ్మకు బాగలేదని తంతి వచ్చిండె. టికెట్టు లేకుండా రైలెక్కమంటావా? రైలు దిగినాంక టికెట్టుతో మనకేం పని? పెట్టెలో పారేసినా. ఈ సంగతంతా నీకు చెప్పినాను గదా, నువ్వు రాసినావు గదా?"

"రాసినాను."

"మల్ల? నిజం రాసినావు, పెద్దోళ్లు సదివినారు. బేస్తవారం నేనే పోయి ఆ సర్కిలాయప్ప ముందర నిలబడతా. ఆ కాయితంలో ఉండే చాంద్ బాషా నేనే సార్ అంటా. పెరట్లో దాక్కొని దాక్కొని నాకు విసుగు పుట్టింది చిన్నశెట్టీ. మా అమ్మను మట్టిచేసిన రోజు గూడా తలకు గుడ్డ సుట్టుకొని అందరి వెనకమాల నడిసినా."

ఈ ధైర్యమంతా తను పోసిందేనని వీరనారాయణకు తెలుసు. మిల్లు గేటు దగ్గర టీలు తాగుతూ, ఒప్పందమంటే రెండు దేశాల మాట అనీ, దేశాలు మాట తప్పితే లోకం ఊరుకోదనీ గంటలకొద్దీ చెప్పింది తనే. ఇప్పుడు అదంతా అబద్ధం, దేశాలు మాట్లాడుకునేది నీ గురించి కాదు, నిన్ను ఎవరు పంపించాలా అని మాత్రమే అని చెప్పాలంటే నాలుక తిరగలేదు. చెప్పినా ఈ మనిషి నమ్మేలా లేడు. తన వ్యాసాన్ని తనకంటే ఎక్కువ నమ్మిన పాఠకుడు ఇన్నాళ్లకు ఒక్కడు దొరికాడు.

"ఒక్క మాట వింటావా?" అన్నాడు చివరికి. "బేస్తవారం సాయంత్రం బస్సుకు రా. నేరుగా ఇంటికి పో. నేను వచ్చి చెప్పేదాకా స్టేషన్ పక్క పోవద్దు. ఖమర్‌బీ మీద ఒట్టు."

"ఆయమ్మ మీద ఒట్టెందుకులే" అన్నాడు చాంద్ బాషా చిన్నబుచ్చుకుని. మళ్లీ రోలరును ఒళ్లోకి లాక్కున్నాడు. "ఈ గాళ్లు ముగించుకోని రేపు సాయంత్రానికే వస్తా."

*

బేస్తవారం పొద్దున వీరనారాయణ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని స్టేషన్‌కు వెళ్లాడు. రాత్రంతా పక్క మీద దొర్లుతూ, వేరే దారి ఏమన్నా మిగిలిందా అని గెజెట్లన్నీ మనసులోనే తిరగేశాడు. మిగల్లేదు.

ఎస్సై వ్యాసం కాపీని బల్ల మధ్యకు జరిపాడు. "నోట్సు చూసుకున్నారా అండీ?"

"చూసుకున్నాను. ఆ మనిషి లేడు."

"లేడంటే? ఊళ్లో లేడా?"

"ఎక్కడా లేడు. వాదనకు ఒక ఉదాహరణ కావలసి వచ్చింది. కల్పించాను."

వాకిట్లో నిలబడ్డ రహమాన్ తల తిప్పి చూశాడు. ఎస్సై ఎర్ర పెన్సిలు తీసి వేళ్ల మధ్య దొర్లించాడు. అతను తెలివి తక్కువవాడు కాడు. ఆ వీధిలో ఒక పూట కూర్చుంటే చాంద్ బాషాను చెయ్యి పట్టుకుని తీసుకురాగలడు. కానీ పట్టుకుంటే బొంబాయి మీదుగా ఎక్కడికో సరిహద్దు దాకా మనుషుల్ని తోడిచ్చి పంపాలి. దానికి వంద ఉత్తరాలు.

"మీ చదువుకు ఇబ్బంది కదండీ? ఇది రాసిస్తే ఒక కాపీ పైకి, ఒకటి ఆ పెద్దాయనకు వెళుతుంది. ఆయన యూనివర్సిటీకి పంపకుండా ఉంటారా?"

"పంపుతారు."

"సరే. మీ ఇష్టం" అని ఎస్సై తెల్లకాగితం అందించాడు.

వీరనారాయణ రాశాడు. అలవాటు కొద్దీ వ్యాసం పేరు, చదివిన తేదీ, పేజీ సంఖ్య అన్నీ ఖచ్చితంగా రాశాడు. 'ఆ పేజీ అడుగున నేను పేర్కొన్న చాంద్ బాషా అను వ్యక్తి లేడు. అతనితో నేను జరిపినట్టు చెప్పిన సంభాషణ నేను కల్పించినది' అన్న వాక్యం దగ్గర కలం ఆగలేదు. ఆగితే మళ్లీ కదలదని తెలుసు. సంతకం పెట్టి కాగితాన్ని తిప్పి అందించాడు. గైడు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఆ వాక్యం చదవడం కళ్ల ముందు కనిపించింది. ఏం చెప్పుకోగలడు ఆయనకు? నిజం చెప్పుకునే వీలు కూడా లేదు.  అయినా, మనిషి దక్కాడు కదా అనుకున్నాడు. అదొక్కటే చాలనుకున్నాడు.

ఎస్సై సంతకం మీద అద్దుడు కాగితం ఒత్తి, మడిచి, ఫైల్లో పెట్టి తాడు కట్టాడు. లేచి నిలబడి వీరనారాయణ భుజం మీద చెయ్యి వేసి వాకిలి దాకా వచ్చాడు.

"మంచి పని చేశారండీ. నాకూ తేలికైపోయింది" అన్నాడు మనస్ఫూర్తిగా. ఆ తర్వాత, అప్పుడే గుర్తొచ్చినట్టు, "ఇంకో మాట. చాపాడు దగ్గర మా బావగారు మిల్లొకటి పెడుతున్నారు. పాత మిషన్లు తెచ్చారు, ఒక్కటీ తిరిగి చావదు. మంచి ఫిట్టరు దొరకడం లేదు. మీరెరిగినవాళ్లు ఆ మసీదు వెనకాల ఎవరో ఉండే ఉంటారు. పేరూ ఊరూ నాకక్కరలేదు. రేపటి నుంచి పంపండి. భోజనం అక్కడే పెడతారు."

"ఎన్నాళ్లండీ?" అన్నాడు వీరనారాయణ.

"మిల్లన్నాక పని ఉంటూనే ఉంటుంది కదండీ" అని ఎస్సై నవ్వాడు. ఆ నవ్వులో విషం లేదు. మేలు చేసిన మనిషి మేలు అడిగే నవ్వే అది.

*

సాయంత్రం మసీదు వెనక వీధిలోకి పోయేసరికి చాంద్ బాషా గడప మీదే కూర్చుని ఉన్నాడు, పెరట్లో కాదు. పనిముట్ల సంచి పక్కనే ఉంది. ఖమర్‌బీ రాట్నం గోడకు జరిపి, వచ్చినవాడి ముఖం వైపే చూస్తోంది.

"పట్టుకుపోరు" అన్నాడు వీరనారాయణ. "ఇంక ఎవరూ రారు."

ఖమర్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఒరిగిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఎదురింటి గడపలో నుంచి సరోజమ్మ, ఎవరితోనూ అన్నట్టు కాకుండా, "దేవుడుండాడు" అంది.

"సర్కిలాయప్ప ఏమన్యాడు?" అని చాంద్ బాషా ఆత్రంగా అడిగాడు. "మన కాయితం సదివినాడా? ఒప్పుకున్యాడా?"

వీరనారాయణ చెప్పాడు. రాసిచ్చింది కూడా చెప్పాడు. నువ్వు లేవని రాసిచ్చినా అన్నాడు. చాంద్ బాషా తన రెండు చేతుల వైపూ, గోళ్లలో ఇరుక్కున్న నల్లటి తోలు పొడి వైపూ చూసుకున్నాడు. "ఇంక నా పేరు యాడా ఎక్కదా?" అన్నాడు.

"ఎక్కదు."

"నీ సదువు?"

"అదీ అంతే."

"అయ్యో" అన్నాడు చాంద్ బాషా. ఆ అయ్యో ఎవరి కోసమో ఇద్దరికీ తెలియలేదు. ఖమర్‌బీ లేచి లోపలికి పోయి పొయ్యి రాజేసింది. పొగ వాకిట్లోకి వచ్చింది. మిగిలిన మాట చెప్పకుండా లేచిపోవాలని వీరనారాయణకు గట్టిగా అనిపించింది. చెప్పకపోతే పొద్దున రహమాన్ వస్తాడు. అందుకని చాపాడు మిల్లు సంగతి, ఎస్సై బావగారి సంగతి తల దించుకుని చెప్పాడు.

చాంద్ బాషా సంచి దగ్గరికి లాక్కుని, రంపపు బ్లేడు తీసి పదును చూసి, మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టాడు.

"ఎన్నాళ్లంట?"

"చెప్పలేదు. అడిగినా, చెప్పలేదు."

చాంద్ బాషా సంచి మూతి తాడు బిగించి ముడేశాడు.

"ఆ వీసాకన్నా ఒక తేదీ ఉండె గదా చిన్నశెట్టీ" అన్నాడు. తర్వాత లోపలికి తల తిప్పి, పొద్దున చాపాడు పోవల్ల, తొందరగా లేపమని పెండ్లానికి చెప్పాడు.